యాభై ఆరు డిగ్రీలు, అరగంట

మొన్న బెంగళూరులో మా పాత బ్లడ్ బ్యాంకులో కొత్త మిషను వచ్చిందని పిలిస్తే పోయినాను. రక్తం గొట్టాలు ఒక పక్క పెడితే అదే పీల్చుకుంటుంది, అదే కలుపుకుంటుంది, అదే కడుక్కుంటుంది, ఇంకో పక్క కాగితం కక్కుతుంది. దాని పక్కన కూర్చున్న టెక్నీషియను పిల్ల, "మేడం, మీ కాలంలో అంతా చేత్తోనే కదా, తప్పులు చాలా వచ్చేవేమో" అనింది. పాపం, మర్యాదగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చేత్తో వచ్చే తప్పులు నాకు తెలియనివి కాదు, వాటితో ముప్పై ఏండ్లు కాపురం చేసినాను. కానీ నేను మరిచిపోలేని తప్పు చేతిది కాదు. నిలబడి చెప్పే మాట కాదు గనక ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ పిల్లా, ఆ పిల్ల ఈడువాళ్ళూ చదువుకోండి.

ఎనభైలు ముగిసే కాలం. అంతవరకు దాతల రక్తానికి మేము చేసేవి రెండే పరీక్షలు, సిఫిలిస్‌కు ఒకటి, కామెర్లకు ఒకటి. అప్పుడు ఎయిడ్స్ అనే మాట పేపర్లలోంచి మా బెంచి మీదికి వచ్చింది. ఆ వైరస్ లోపలికి వస్తే దాని మీద పోట్లాడటానికి మన ఒళ్ళు యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అవి రక్తంలో ఉన్నాయా లేవా అని చూసే కిట్టు మాకు ఇచ్చినారు. తొంభై ఆరు గుంతల ప్లాస్టిక్ పలక అది. గుంతకు ఒకరి సీరం, అంటే రక్తం గడ్డకట్టినాక పైన తేలే నీళ్ళు, పోసి, కడిగి, చివర్లో రంగు మందు వేయాల. గుంత తెల్లగా ఉంటే ఏమీ లేనట్టు, పసుపుగా తిరిగితే ఉన్నట్టు. కొన్నాళ్ళకు ఇంకో కంపెనీ వాడు ఇంకో కిట్టు తెచ్చినాడు. అవే రక్తాలకు రెండు కిట్లూ వేసి ఏది మేలో తేల్చమని మా డాక్టరు నన్ను నిలబెట్టినాడు. ఢిల్లీలో ఏదో సభలో చదవడానికి ఆయనకొక పేపరు కావాల.

మా డాక్టరు చెడ్డవాడు కాదు, తాళాల మనిషి. థర్మామీటరు మొదలు దూది కట్ట దాకా అన్నీ ఆయన సొరుగులోనే. కొత్త కిట్టు పెట్టె విప్పిన రోజే లోపలున్న సూచనల కాగితం తీసి, మా చేతుల్లో చినిగిపోతుందని సొరుగులో పెట్టి తాళం వేసినాడు. మాకు తన చేత్తో రాసిన ఒక పేజీ ఇచ్చినాడు. ఎంత సీరం, ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు కడగాల, అంతే. "ఇంతకంటే నీకెందుకు" అన్నాడు. ఆయన మాట్లాడేది కన్నడం, ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ ఆ విసురు మాత్రం ఆయనదే.

పోల్చి చూసుకోవడానికి కిట్టుతోపాటు ఏ రోగమూ లేని సీరం ఒక చిన్న సీసాలో వస్తుంది. అయిపోతుందని దానికీ తాళమే. అందువల్ల మా దగ్గర ఒక అలవాటు పడింది. సోమవారం సోమవారం డోనరు రూము సిస్టరు నా చేతిలోంచి కాస్త రక్తం తీసేది. నా సీరం గొట్టానికి నీలం టేపు చుట్టి, దాతల గొట్టాలుండే స్టాండులో చివరి చిల్లిలో పెట్టుకునేదాన్ని. ఏ పలకలోనైనా చివరి గుంత నాది. అది తెల్లగా ఉందంటే ఆ పూట పని సరిగా నడిచినట్టు.

ఉండేది ఒకటే రంగు చదివే మిషను. అందుకని పొద్దున పాత కిట్టు వేసేదాన్ని, మధ్యాహ్నం కొత్తది. ఆ మధ్యలో గొట్టాలు సిఫిలిస్ బెంచికి పోయి, అక్కడి పని అయినాక ఫ్రిజ్‌లోకి వచ్చేవి.

పొద్దున పలక తెల్లగా వచ్చేది. మధ్యాహ్నం పలకలో నెలకు ఒకటో రెండో పసుపు గుంతలు. డాక్టరు ముఖం వెలిగిపోయింది. "చూసినావా, పాతది వదిలేసినవన్నీ ఇది పట్టుకుంటా ఉంది" అన్నాడు.

"ఒకే మనిషి రక్తం సార్. పొద్దున లేనిది మధ్యాహ్నానికి ఎట్లా వస్తుంది?"

"నీ కడగడం సరిగా లేదేమో."

"అయితే పసుపు తప్పా సార్?"

"తప్పయితే నీ కడగడం. ఒప్పయితే కిట్టు గొప్పతనం."

ఐదుసార్లు కడగమంటే పదిసార్లు కడిగినాను. వేళ్ళ కణుపులు పగిలినాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా స్టెబిలైజరును తిట్టినాను, నీళ్ళను తిట్టినాను, కంపెనీ వాడు కనిపిస్తే వాణ్ణీ తిట్టినాను. పసుపు మాత్రం పోలేదు.

గట్టిగా తేల్చే పరీక్ష వేరే ఊళ్ళో పెద్ద సెంటరులో ఉండేది. అక్కడినుంచి జవాబు ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. అంతవరకు ఆగుదాం సార్ అన్నాను. ఆయన ఆగలేదు. పసుపు వచ్చిన ఐదుమంది చిరునామాలు రిజిస్టరులోంచి తీసినాడు. అందులో నలుగురు డబ్బుకు రక్తం ఇచ్చే వాళ్ళు. ఒకడి చిరునామాకు మనిషిని పంపితే సినిమా టాకీసు తగిలింది, ఇంకొకడిది పోలీసు స్టేషను. మిగతా ఇద్దరు రాసిన వీధులు బెంగళూరులోనే లేవు. నిజమైన చిరునామా రాసిన పాపానికి ఐదో మనిషి ఒక్కడే దొరికినాడు.

ఆయనది వర్తూరు, చెరువు కట్ట దగ్గర ఇల్లు. ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. ముప్పై లోపే వయసు. మాది కోలారు పక్క అని తెలిసినప్పటినుంచి నన్ను అక్కా అనేవాడు. వాళ్ళ ఫ్యాక్టరీకి మేము క్యాంపుకు పోయినప్పుడు మొదటిసారి ఇచ్చినాడు, ఆ తర్వాత మూడు నెలలకొకసారి తనంతట తానే బస్సెక్కి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "పోయినసారి నాది యాడికి పోయిందక్కా?" మా సిస్టరు గుంటూరు మనిషి, చర్చిలో పాటలు పాడే గొంతు. వార్డులకు సీసాలు ఇచ్చే రిజిస్టరు తీసి ఆయన నంబరు వెతికి, "ఇదిగో బాబూ, లారీ కింద పడ్డ కుర్రాడికి ఎక్కించారు" అని గట్టిగా చదివేది. ఆయన అది విని, ఏదో బహుమతి తీసుకున్నట్టు తల ఊపి పోయేవాడు.

ఒక గురువారం డాక్టరు ఆయన్ను గదిలోకి పిలిచినాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. బయటికొచ్చి నేరుగా నా బెంచి ముందు నిలబడినాడు.

"అక్కా, నా రక్తంలో ఎయిడ్స్ ఉండాదంట. ఇంక ఇయ్యొద్దన్నాడు సారు. మా ఫ్యాక్టరీ డాక్టరుకు లెటరు రాస్తాడంట. పరీక్ష చేసింది నువ్వే కదా. నిజమేనా?"

"రెండో కిట్టులో కనిపించిందప్పా" అన్నాను.

"మొదటి దాంట్లో?"

"కనిపించలేదు."

"అయితే ఉండాదా, లేదా?"

అన్నేండ్ల సర్వీసు పెట్టుకొని నేల చూసినాను. "మా ఇంటిది ఐదు నెలల మనిషక్కా. దానికేం చెప్పేది నేను? నాకు ఉంటే దానికీ ఉన్నట్టే కదా, కడుపులో బిడ్డకూ?" అని అడిగినాడు. శుక్రవారం ఫ్యాక్టరీ లెటరు టైపయింది. సోమవారం సంతకం పెడతానన్నాడు డాక్టరు.

శనివారం మధ్యాహ్నం కొత్త కిట్టు పలక తీసి వెలుతురుకు పట్టి చూసినాను. చివరి గుంత పసుపుగా ఉంది.

చివరి గుంత నాది. మొదట పలక తిప్పి పట్టుకున్నానేమో అనుకున్నాను. తిప్పలేదు. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. చేతి తొడుగులు కూడా తాళంలోనే ఉండే ల్యాబు మాది, ఎన్ని వందల మంది రక్తం నా వేళ్ళ మీద పడిందో లెక్కలేదు. రెండు రోజుల ముందు ఆ మనిషి నా ముందు ఎట్లా నిలబడినాడో నేనూ అట్లాగే పోయి సిస్టరు ముందు నిలబడినాను. ఆమె పలక చూసింది, నా ముఖం చూసింది. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, చెయ్యి చాపు" అని అప్పటికప్పుడు మళ్ళీ రక్తం తీసింది.

ఆ కొత్త సీరాన్ని అదే కిట్టులో వేసినాను. తెల్లగా వచ్చింది. నీలం టేపు గొట్టంలోది మళ్ళీ వేసినాను. పసుపు.

రెండూ నా రక్తమే. అదే నీలం టేపు గొట్టం ఆ పొద్దున పాత కిట్టులో తెలుపు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండు కిట్లలోనూ తెలుపు. మరి ఈ శనివారం పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య ఆ గొట్టానికి ఏమయింది? ఇది నేను ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న. పరాయివాళ్ళ గుంత పసుపయినప్పుడు తోచలేదు, నాది పసుపయితే తోచింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

సిఫిలిస్ బెంచి దగ్గరికి పోయినాను. అక్కడ పని చేసే పెద్దాయన ఆనేకల్లు మనిషి, మా అందరికంటే సీనియరు. టిఫిను క్యారియరు సర్దుకుంటా ఉన్నాడు.

"అన్నా, పొద్దున నా నీలం టేపు గొట్టం ముట్టుకున్నావా?"

"ఈ పొద్దు స్టాండు స్టాండే తొట్టిలో దించేసినానప్పా. మనవరాలికి చెవులు కుట్టేది ఉండాది, దాతలవి మాత్రం ఒక్కొక్కటీ తీసి పెట్టేదానికి టైము లేకపాయె."

తొట్టి అంటే వేడినీళ్ళ తొట్టి. సిఫిలిస్ పరీక్షకు సీరాన్ని ముందు యాభై ఆరు డిగ్రీల దగ్గర అరగంట కాచాల. అది ఆ పరీక్ష పద్ధతి, తప్పేమీ కాదు. కానీ పరీక్షకు కావాల్సిన నాలుగు చుక్కలు వేరే గొట్టంలోకి తీసి వాటినే కాచాల. మా పెద్దాయన దాతల గొట్టాలను గొట్టాలే కాచేవాడు. వేరే గొట్టాలు తీస్తే వాటిని కడగాల, కడిగితే పగుల్తాయి, పగిలితే కొత్తవాటి కోసం డాక్టరు సొరుగు ముందు నిలబడాల. ఏండ్ల తరబడి అంతే. ఆ తొట్టి నా బెంచికి మూడడుగుల దూరం. దాని ఆవిరి నా కళ్ళద్దాలకు పట్టేది. రోజూ చూస్తా ఉన్నాను, ఒక్క రోజూ అడగలేదు. పొద్దున కిట్టుకు పచ్చి సీరం, మధ్యాహ్నం కిట్టుకు కాచిన సీరం పోసి, రెండు కిట్లనూ పోలుస్తున్నామని మూడు నెలలు రిజిస్టరు నింపినాము.

"కాచితే రక్తం మారిపోతాదని నాకేం తెలుసప్పా. నేనేమన్నా విషం కలిపినానా?" అన్నాడు పెద్దాయన. నిజమే, ఆయన ఏం కలిపినాడు. నా కొత్త సీరాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి అట్లాగే పెట్టి, ఒకటి ఆయన చేతే కాపించినాను. సాయంత్రానికి తేలింది. కాచనిది తెలుపు, కాచింది పసుపు. కాచిన ప్రతి రక్తమూ అట్లా మారదు, కొందరిది మారుతుంది. నాది మారే రకం.

సోమవారం పొద్దున లేతు మనిషి భార్యను వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ పిల్ల అన్న కోలారు నుంచి వచ్చి కూర్చున్నాడంట, ఆ సాయంత్రం చెల్లెల్ని పిలుచుకొని పోతానని. డాక్టరు నోటితోనే వినాలని ఆ పిల్ల వచ్చింది. సన్నగా ఉంది, చేతిసంచి పొట్టకు అడ్డం పెట్టుకొని బెంచి మీద కూర్చుంది. సిస్టరు ఆయనకు మళ్ళీ రక్తం తీసింది. డాక్టరు పది గంటలకు వచ్చి లెటరు అడిగితే, "ఒంటిగంట దాకా సంతకం పెట్టొద్దు సార్, మీకు చేతులెత్తి మొక్కుతాను" అన్నాను. నేను మొక్కే మనిషిని కాదని ఆయనకు తెలుసు. సరే అని మీటింగుకు పోయినాడు.

ఒంటిగంటకు పలక తీసుకొని ఆయన గదికి పోయినాను. లేతు మనిషి పచ్చి సీరం రెండు కిట్లలోనూ తెలుపు. అదే సీరం, కాచినది, కొత్త కిట్టులో పసుపు. పక్కన నాది, అదే మాదిరి. ఆయన పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. సొరుగు తాళం తీసి, కిట్టు సూచనల కాగితం విప్పినాడు. రెండో పేజీలో, ఇంత లావు అక్షరాలు కాకపోయినా, కళ్ళున్నవాళ్ళకు కనపడేటట్టే ఉంది. కాచిన సీరం వాడకూడదు.

"కాచమని వాళ్ళకు ఎవరు చెప్పినారు?" అన్నాడు.

నాకు నవ్వాలో ఆ కాగితం ఆయన చేతిలోంచి లాక్కోవాలో తెలియలేదు. లెటరు చించలేదు ఆయన, మడిచి సొరుగులో పెట్టి తాళం వేసినాడు. "ఇదంతా పేపరులో రాయక్కర్లేదు" అన్నాడు. పచ్చి సీరంతో మొదటినుంచి చేస్తే రెండు కిట్లూ ఇంచుమించు సమానం అని తేలింది. ఢిల్లీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదంట.

బయట ఆ ఇద్దరికీ నేనే చెప్పినాను. తప్పు మాది, రక్తం కాచడం వల్ల వచ్చిన తప్పు, మీ ఇంటాయనకు ఏమీ లేదమ్మా అని. ఆయన ముఖం మీద చేతులు పెట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం నన్నే చూసింది.

"పోయినవారం ఉండాదన్నారు. ఈ పొద్దు లేదంటా ఉండారు. మాకు ఏది నిజం?" అనింది. నేను ఏదో చెప్పబోతే ఆపి, "అయితే ఈయన రక్తం మల్లా తీసుకుంటారా?" అని అడిగింది.

"తీసుకుంటాం" అన్నాను.

"తీసుకున్న పొద్దు నమ్ముతా" అనింది. అన్న వెంట మాత్రం పోలేదు.

మూడు నెలల గడువు నిండినాక ఇద్దరూ వచ్చినారు, అప్పటికి ఆమెకు ఎనిమిది నెలలు నిండినాయి. సిస్టరు రిజిస్టరు తీస్తే ఆయన నంబరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది. డాక్టరు గీసినాడు. గదికి పోయి అడిగినాను.

"ఒకసారి పసుపు వచ్చిన నంబరు రక్తం ఇంక తీసుకోకూడదు" అన్నాడు.

"అది తప్పు పసుపని మీరే చూసినారు కదా సార్."

"అయినా ఎందుకొచ్చిన రిస్కు."

అప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. "అట్లయితే నా నంబరు మీద కూడా గీయండి సార్. నాకూ పసుపే వచ్చింది. నన్నూ బయటికి పంపండి, రేపటినుంచి పలకలు మీరే కడుక్కోండి" అన్నాను. ఆయన నన్ను చూసినాడు, నా పగిలిన వేళ్ళను చూసినాడు. ఎర్ర గీత కొట్టేసి పక్కన సంతకం పెట్టినాడు.

ఆ పిల్ల డోనరు రూము వాకిట్లో నిలబడి, సీసా అడుగునుంచి మెడ దాకా నిండేది కన్నార్పకుండా చూసింది. "దీన్ని నిజంగా ఎక్కిస్తారు కదా, పారబోయరు కదా?" అని అడిగింది. ఎందుకు పారబోస్తామమ్మా అన్నాను. ఆ పొద్దు ఆ పిల్ల ముఖంలో మొదటిసారి నెమ్మది చూసినాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం కడిగే తొట్టి దగ్గర ఖాళీ సీసాల వరుస కనిపించింది. ఒకదానికి సగం ఊడిన చీటీ, దాని మీద ఆయన నంబరు. వార్డు రిజిస్టరు చూస్తే ఆ నంబరు లేదు. సిస్టరును అడిగితే తల దించుకుంది. "సారు పారబోయమన్నారమ్మాయ్. నీకు చెప్పొద్దన్నారు" అనింది. డాక్టరు గదికి పోతే, "తీసుకోవడానికి సంతకం పెట్టినాను. ఎక్కించడానికి కాదు కదా" అన్నాడు.

ఇంకో మూడు నెలలకు వాళ్ళు వచ్చినారు, ఆమె చంకలో ఆడబిడ్డ. ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటా ఎప్పటిమాదిరే అడిగినాడు. "పోయినసారి నాది యాడికి పోయిందక్కా?" సిస్టరు రిజిస్టరు దగ్గరికి పోలేదు. ఆ పిల్ల నా ముఖం చూస్తా ఉంది.

"ఒక బాలింతకు ఎక్కించినామప్పా" అన్నాను. "తల్లీ బిడ్డా బాగుండారు."

నా సర్వీసులో నేను తెలిసి ఇచ్చిన తప్పు రిజల్టు అదొక్కటే. ఆమె బిడ్డను ఆ భుజం మీదనుంచి ఈ భుజం మీదికి మార్చుకొని, భర్తను చూసి నవ్వింది. ఆయన మంచం మీద పడుకొని చెయ్యి చాపినాడు. ఆ రోజు నిండిన సీసాను నేనే ఫ్రిజ్‌లో పెట్టి, తాళం వేసి, చెవి నా కొంగుకు ముడేసుకున్నాను. ఎవరికి రక్తం కావాలన్నా నేనే పోయి తీసిచ్చినాను. ఆ సీసా వార్డుకు పోయేదానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ డాక్టరు ఆ తాళం చెవి వైపు చూసినాడే గానీ అడగలేదు.

ఆ తర్వాతిసారి ఆయన అడిగినప్పుడు సిస్టరు రిజిస్టరు తెచ్చి, వేలు పెట్టి చూపించి, పాట పాడినట్టు చదివింది. "ఇదిగో బాబూ, వరిబీజం ఆపరేషనయిన ముసలాయనకి ఎక్కించారు."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది.

"అంతేనా అక్కా" అన్నాడు. "పోయినసారి మాదిరి బిడ్డతల్లికి పోలేదా?"